మిగిలిన గుడ్డు

ఆదిలక్ష్మమ్మ స్టాఫ్ రూము గుమ్మం దాకా వచ్చి, లోపల అడుగు పెట్టకుండా, చేతిలోని స్టీలు గిన్నె ముందుకు చాచింది. గిన్నెలో ఉడికిన గుడ్డు ఒకటి ఉంది.

"సార్, మీ తొమ్మిదో తరగతిది. ఒకటి మిగిలిపోయినాది."

సుబ్రమణ్యం దిద్దుతున్న కాగితాల మీంచి తల ఎత్తకుండానే "ఊ" అన్నాడు.

"ఊ అంటే ఎట్ల సార్? పొద్దున ముప్పై ఎనిమిది అని మీరే చీటీ రాసి పంపినారు. లెక్క ప్రకారం ఉడకేసినా. పిలకాయలు అన్నం వదుల్తారు, సాంబారు పారబోస్తారు. గుడ్డు వదిలే పిలకాయ యాడన్నా ఉంటాడా?"

"ఎవరికైనా కడుపులో బాగాలేదేమో."

"అట్లయితే పక్కనోడు మింగతాడు. నేను పదేండ్లుగా వండతా ఉండా. గుడ్డు మిగిలిందంటే మనిషి లేడనే."

అప్పుడు తల ఎత్తాడు.

పాకాల హైస్కూల్లో సుబ్రమణ్యం ఇంగ్లీషు మాస్టరు. తొమ్మిదో తరగతి హాజరు ఆయనదే. పొద్దున హాజరు పిలిస్తే ముప్పై ఎనిమిది మందీ పలికారు. ముప్పై ఎనిమిది గొంతులు తన చెవులతో విన్నాడు. చెవులతో మాత్రమే విన్నాడన్న సంగతి, ఆ గుడ్డు వంక చూస్తుండగా, ఇప్పుడు తట్టింది.

బడికి వచ్చే ఏ పిల్లకైనా మొట్టమొదట అబ్బే ఇంగ్లీషు మాట 'ప్రెజెంట్'. ఏబీసీడీలు కుదరని వయసులోనే అది నోటికి వచ్చేస్తుంది. ఒకడు 'ప్రెజెన్సార్' అని ముద్ద చేసేస్తాడు. ఒకడు ముందుదంతా మింగి 'జెంట్సార్' అని తోక వదుల్తాడు. ఊళ్ళో ఆటోవాళ్ళు కూడా బడి పిల్లల్ని ఎక్కించుకుని "అందరూ ప్రెజెంటేనా?" అనే అడుగుతారు. ఏటా జూన్ నెలలో బడి తెరిచిన రోజున సుబ్రమణ్యం ఆ మాటకు అర్థం అడిగేవాడు. "వచ్చినామని సార్" అనేవాళ్ళు పిల్లలు. "వచ్చి వెళ్ళిపోయినోడు కూడా వచ్చినోడే కదరా. ఇక్కడ ఉన్నానని దానర్థం. చెప్పేటప్పుడు మనిషి ఉండాల" అనేవాడు. ఈ జూన్‌లో అడగలేదు.

ఏప్రిల్లో ఒక ఆదివారం ఇంట్లో పరీక్ష పేపర్లు దిద్దుతుంటే, వంటింటి గుమ్మంలో కూర్చున్న భార్య కస్తూరి "ఏమండీ, గుండెల్లో పట్టేసినట్టుంది" అంది. ఆయన "ఊ" అన్నాడు. కొంచెంసేపటికి మళ్ళీ ఏదో అంది. ఏమందో తెలియదు. "ఊ" అన్నాడు. తల ఎత్తి చూసేసరికి ఆమె గోడకు చేరగిలబడి ఉంది, ప్రాణం లేదు. ఆ మధ్యలో పదకొండు పేపర్లు దిద్ది ఉన్నాడు. తర్వాత లెక్క పెట్టుకున్నాడు.

బడి తెరిచాక ఎవరి ముఖం చూసినా ఆ ముఖంలో తన మీద జాలి కనిపించేది. అందుకని చూడటం మానేశాడు. రిజిస్టరు తెరిచి, నంబరు పిలిచి, గొంతు వినబడగానే పి అని రాసి, తర్వాతి నంబరుకు పోవడం. ఐదు నెలలుగా అదే.

అన్నం గంట అయిపోగానే తరగతికి వెళ్ళి రిజిస్టరు తెరిచాడు. ఇంగ్లీషు పీరియడ్ కాదు, హాజరు వేళా కాదు. పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఈసారి ఆయన రిజిస్టరు వంక చూడలేదు. నంబర్లు నోటికి వచ్చు.

ఒకటి. రెండు. మూడు. ఎప్పుడో జూన్‌లో చూసిన ముఖాలు. ఒకడికి నూనూగు మీసం వచ్చింది. ఒక పిల్ల కళ్ళజోడు పెట్టుకుంది. ఎప్పటినుంచి పెట్టుకుందో ఆయనకు తెలియదు.

"ఇరవై ఏడు."

నాలుగో బెంచీ చివర ఖాళీగా ఉంది. ఒక గొంతు, సన్నగా, "ప్రెజెంట్ సార్" అంది.

ఖాళీ చోటు పక్కన కూర్చున్న సల్మా పెదవులు కదలడం ఆయన చూశాడు. తను చూశాడని సల్మా కూడా చూసింది. నోటుబుక్కు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

వరండాలోకి పిలిచాడు.

"పూజిత యాడ?"

"బాత్రూముకు పోయినాది సార్."

"పొద్దున తొమ్మిది నుంచీనా?"

సల్మా కాలి బొటనవేలితో బండ మీద గీతలు గీసింది. "చెప్పకూడదు సార్. ఒట్టేయించుకునింది."

"ఎవరి మీద?"

"కాణిపాకం సామి మీద."

"నీకు కాణిపాకం సామి ఏమవుతాడు సల్మా?"

"సామికి అయ్యన్నీ తెల్దు సార్. ఎవురు తప్పినా కండ్లు పోతాయంట." కళ్ళు తుడుచుకుంది. "ఆ సామి కాడికే పోయినాది సార్."

"ఎవరితో?"

"ఒక్కతే."

సల్మా అంతా చెప్పేసింది. పోయిన గురువారం సల్మా పిన్నమ్మ ఇంటికి పోయి బడి ఎగ్గొడితే పూజితే గొంతు మార్చి ప్రెజెంట్ పలికింది. అబ్సెంట్ పడితే ఇంటికి మెసేజ్ పోతుంది గదా, అందుకని. సుబ్రమణ్యానికి గుర్తొచ్చింది. ఆ రోజు తల ఎత్తకుండానే "ఏం సల్మా, గొంతు అట్లుంది?" అన్నాడు. వెనకనుంచి ఒక పిల్ల "జలుబు సార్. కాణిపాకం సామి తోడు, ఈడే ఉండాది" అంది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన పి రాసి ముప్పై రెండో నంబరుకు పోయాడు. ఆ ఒట్టు వేసింది కూడా పూజితేనన్నమాట.

"ఆ సాయంత్రమే వాళ్ళమ్మకు జ్వరం తగిలింది సార్. డెంగీ అంట. చిత్తూరు ఆస్పత్రిలో ఉండాది. రక్తంలో ఏమో దిగిపోతా ఉండాయంట. సామి మీద అబద్ధం ఒట్టేసినానని, దానికే ఇట్లయిందని ఏడస్తా ఉంటాది సార్ అది. పోయి తప్పు ఒప్పుకోకపోతే వాళ్ళమ్మ..." సల్మా ముక్కు చీదుకుంది. "ఏడు గంటల బస్సుకు పోయి పన్నెండుకంతా వచ్చేస్తానన్నింది. అన్నానికి ఉంటానన్నింది సార్."

ఒంటిగంటన్నర దాటింది. చినుకు పడుతోంది.

జిల్లాలో ఎవరికైనా తెలిసిన సంగతే. దొంగతనం నింద పడినవాడూ, గట్టు తగాదా తేలనివాడూ, తాగుడు మానతానన్నవాడూ కాణిపాకం పోయి వినాయకుడి ముందు ప్రమాణం చేస్తారు. పోలీసు స్టేషన్లో బొంకేవాడు కూడా అక్కడ బొంకడానికి జంకుతాడు. ఆ భయం పద్నాలుగేళ్ళ పిల్లను ఒంటరిగా బస్సు ఎక్కించింది. పూతలపట్టు క్రాసులో దిగి, లారీల మధ్య రోడ్డు దాటి, ఇంకో బస్సు పట్టుకోవాలి. పొద్దున తొమ్మిది నుంచి ఆ పిల్ల బడిలో ఉందని లోకానికంతా తను రాసి సంతకం పెట్టాడు. ఉన్న పిల్లను ఎవరు వెతుకుతారు?

పూజిత నాయన ధనుంజయకు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. స్విచ్ ఆఫ్. ఇంట్లో ఉన్నది అవ్వ ఒక్కతే, ఆమెకు ఫోన్ లేదు. మండలాఫీసులో మీటింగుకు పోయిన హెడ్మాస్టరు బాలచంద్రకు చేశాడు.

"పొద్దున ప్రెజెంట్ వేసేసినావు కదప్పా," అన్నాడు బాలచంద్ర గొంతు తగ్గించి. "దాన్ని కదిలించొద్దు. మధ్యాన్నం నుంచి అబ్సెంట్ వెయ్యి. ఎవురన్నా అడిగితే అన్నం తిన్నాక గోడ దూకి పోయిందందాం."

"ఆ పిల్ల గుడ్డు తినలేదు సార్."

"ఏం గుడ్డు?"

సుబ్రమణ్యం ఫోన్ పెట్టేశాడు. ఎర్ర పెన్ను తీసి, ఇరవై ఏడో నంబరు గడిలోని పి కొట్టేసి, పక్కన ఏ అని రాసి, దిద్దిన టైము వేసి సంతకం పెట్టాడు. ఫోన్లోని హాజరు యాప్‌లో కూడా అట్లే మార్చాడు.

కబురు పంపితే, ఆటో నడిపే సల్మా నాయన పీరా సాహెబ్ గేటు దగ్గరికి వచ్చి, ఇంజను ఆపకుండా నిలబెట్టాడు. సంగతి విని బిడ్డను ఒక్క చూపు చూశాడు. "ఎక్కు. మీ అమ్మీ నీ ఈపు చీరేది సాయంత్రం. ముందు ఆ పిల్లను పట్టుకుందాం."

ఆదిలక్ష్మమ్మ వానలో పరుగెత్తుకొచ్చి, కాగితంలో చుట్టిన గుడ్డు సుబ్రమణ్యం చేతిలో పెట్టింది. "కనపడంగానే పెట్టండి సార్. పొద్దున్నించి ఏమీ తినిండదు."

కనపడగానే. ఆ మాటను ఆయన దారి పొడుగునా పట్టుకుని కూర్చున్నాడు.

పూజిత ముఖం గుర్తు చేసుకోవాలని చూశాడు. రెండు జడలు. ఒక జడ రిబ్బను ఎప్పుడూ ఊడి వేలాడుతుండేది, అది పోయిన ఏడాది సంగతి. ముఖం రాలేదు. ఎవరైనా ఆనవాలు అడిగితే రిబ్బను తప్ప చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదు.

"సార్, మీరు అట్ల గుడ్డును పిసకద్దు, పగిలిపోతాది," అన్నాడు పీరా సాహెబ్ అద్దంలో చూస్తూ. "నేను ఇరవై ఏండ్లుగా పిలకాయల్ని మోస్తా ఉండా. పోయినోళ్ళందరూ దొరకతారు. కడుపు కాలితే వాళ్ళే వచ్చేస్తారు."

"అందరూ దొరికినారా?"

పీరా సాహెబ్ వైపరు వేశాడు. అది పనిచేయలేదు. చేత్తో అద్దం తుడిచాడు.

పూతలపట్టు క్రాసులో జనం గుంపుగా ఉన్నారు. రోడ్డు మీద ఒక లారీ అడ్డంగా ఆగి ఉంది. జనం కాళ్ళ మధ్యనుంచి తారు మీద ఏదో తెల్లగా కనబడింది. బడి చొక్కా తెలుపే. సల్మా "సార్" అని ఆయన చెయ్యి పట్టుకుంది. సుబ్రమణ్యం దిగుదామనుకున్నాడు. దిగలేకపోయాడు. ఏప్రిల్లో కూడా కుర్చీలోంచి లేవడానికి ఇట్లాగే చాలాసేపు పట్టింది.

పీరా సాహెబ్ ఆటో ఆపి గుంపులోకి దూరాడు. ఆయన నెత్తి మీది తెల్ల టోపీ కాసేపు కనబడి మాయమైంది. వాన శబ్దం తప్ప మరేమీ వినబడలేదు. సుబ్రమణ్యం కళ్ళు మూసుకోవాలనుకుని, మూసుకోలేదు.

పీరా సాహెబ్ తడిసి వచ్చాడు. "పాలు సార్. స్కూటర్లో క్యాన్లు పడిపోయినాయి. మనిషికేం కాలేదు. మోచెయ్యి గీసుకునింది, అంతే." సీట్లో కూర్చుని టోపీ పిండుకున్నాడు. "నేను కూడా మన పిల్లే అనుకున్నా సార్," అన్నాడు. తర్వాత గేరు వేశాడు.

కాణిపాకంలో దిగేసరికి రెండున్నర దాటింది. వానకు కొబ్బరికాయల అంగళ్ళ మీద ప్లాస్టిక్ పట్టలు కప్పేశారు. బొమ్మలు అమ్ముకునేవాళ్ళు, గరిక కట్టలు పెట్టుకున్న ముసలమ్మలు, బస్సుల మీద బస్సుల జనం. బడి బట్టల్లో ఉన్న పిల్లను చూశారా అని సుబ్రమణ్యం అడగని అంగడి లేదు. "శానామంది వస్తారు సామీ" అన్నారు అందరూ. ఒకామె మాత్రం "పొద్దున ఒక పాప గరిక అడిగింది. ఉత్తగానే ఇచ్చినా. కండ్లు ఉబ్బిండాయి" అంది. ఎటు పోయిందో చూడలేదంది.

ధర్మ దర్శనం లైను చివరనుంచి మొదటిదాకా నడిచాడు. ప్రతి ముఖమూ చూశాడు. సల్మా ఇంకో వైపు వెతకడానికి పోయింది. చివరికి మైకు గదికి వెళ్ళి చెప్పించాడు.

"పాకాల నుంచి వచ్చిన పూజిత అనే పాప ఎక్కడ ఉన్నా సమాచార కేంద్రం వద్దకు రావలెను. మీ సార్ గారు ఎదురుచూస్తున్నారు."

మూడుసార్లు పిలిచారు. పేరు గోపురం దాకా పోయి తిరిగి వచ్చింది. పిలిచిన పేరుకు జవాబు రాకపోవడం ఆయన ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో కొత్త కాదు. అప్పుడు ఏ అని రాసి ముందుకు పోయేవాడు. ఇప్పుడు ముందుకు పోవడానికి ఏమీ లేదు. మైకు మనిషి "ఇంకోసారి చెప్పమంటారా?" అన్నాడు. సుబ్రమణ్యం తల ఊపాడు.

అప్పుడు వాన అవతలినుంచి సల్మా అరుపు వినబడింది. "సార్! ఈడ ఉండాది సార్! ఈడ!"

చెప్పులు పెట్టే చోటు వెనక, అరుగు మీద, స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. ఒక జడ రిబ్బను ఊడి వేలాడుతోంది. సార్ను చూసి లేవబోయి మళ్ళీ కూలబడింది.

"కాళ్ళు లేస్తల్లేవు సార్," అంది ఏడుస్తూ. "మైకులో నా పేరు ఇనబడింది. రావాలనే అనుకున్నా."

"ఏమయింది కాళ్ళకు?"

"మూడు తూర్లు లైన్లో పోయినా సార్. సామి ముందర గుంజీళ్ళు తీస్తా ఉంటే 'జరుగు జరుగు' అని తోసేస్తా ఉండారు. తప్పు పూర్తిగా చెప్పుకొనేదానికి కుదర్లేదు. దాని కోసరం బయట తీసినా. నూటెనిమిది."

సుబ్రమణ్యం తడి అరుగు మీదే ఆ పిల్ల పక్కన కూర్చున్నాడు. ముఖం చూశాడు. ఎడమ కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉంది. అది తనకు ముందు తెలియదు.

"సామికి ఇనపడుంటాదా సార్, అంతమంది అరస్తా ఉంటే?"

పూజిత గోపురం వంక చూసి, మళ్ళీ ఆయన వైపు తిరిగింది.

"మీకు కూడా చెప్పల్ల సార్. ఆ పొద్దు సల్మా లేదు. ప్రెజెంట్ అనింది నేనే. ఆ అబద్ధానికే మా అమ్మకు..."

ఏడు నెలలుగా ఆయనకు ఎంతమందో చెప్పారు, నీ వల్ల కాదయ్యా అని. ఆ మాట ఎవరు అన్నా చర్మం దాకా వచ్చి ఆగిపోయేది. అందుకని ఆ మాట అనకుండా వేరే మాట వెతుక్కున్నాడు.

"జ్వరం దోమ కుట్టి వచ్చింది. నీ మాట వల్ల రాలేదు. అది నాకు బాగా తెలుసు. నేను చెప్తే నువ్వు నమ్మవని కూడా తెలుసు," అన్నాడు. "అబద్ధం చెప్పింది నువ్వు. తల ఎత్తి చూసుంటే అది ఆడికే ఆగిపోయుండేది. చూడలేదు నేను. నీ గుంజీళ్ళు నువ్వు తీసినావు."

వెనక నిలబడ్డ పీరా సాహెబ్ గొంతు సవరించుకున్నాడు. "సార్, మీరు కూడా ఇప్పుడు మొదలుపెట్టద్దండి. ఇద్దర్ని మోసుకుపొయ్యేదానికి నా వల్ల కాదు."

ఏడుస్తున్న పిల్లకు ముక్కులోంచి నవ్వు వచ్చింది. సుబ్రమణ్యం జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. గుడ్డు పగుళ్ళు బారి ఉంది. పూజిత అరచేతిలో పెట్టుకుని చూసింది. "బడిదా సార్?"

"నీదే. తిను."

ఆటో చిత్తూరు ఆస్పత్రి దారి పట్టింది. భయం ఆటో దిగి పోలేదు. ఇప్పుడు అది పూజిత పక్కన కూర్చుంది. ఊరు దగ్గరయ్యేకొద్దీ ఆ పిల్ల సల్మా చేతిని గట్టిగా పట్టుకుంటోంది.

ఆస్పత్రి వార్డు బయట వరండాలో, గోడ ప్లగ్గుకు ఫోను గుచ్చి ధనుంజయ దాని పక్కనే నేల మీద కూర్చుని ఉన్నాడు. సిమెంటు పనికి పోయే మనిషి, వారంలో సగమైపోయాడు. బిడ్డనూ సార్నూ చూసి బెదిరి లేచాడు.

"ఏమైంది సార్? మా అమ్మకేమన్నా అయిందా ఇంటికాడ?"

"లేదప్పా, అందరూ బాగుండారు. కూర్చో, చెప్తాను." సుబ్రమణ్యం ఏదీ దాచకుండా చెప్పాడు. తన తప్పు దగ్గర మొదలుపెట్టాడు. ధనుంజయ కోపం తెచ్చుకోవాలా ఏడవాలా తెలియని మనిషిలా వింటూ ఉన్నాడు. మధ్యలో, ఇప్పుడే ప్రాణం వచ్చిన ఫోను గోడ దగ్గర వరసగా మోగింది. తీసి చూశాడు. సార్ చేసిన నాలుగు కాల్స్. వాటి కింద బడి మెసేజ్. పెదవులు కదుపుతూ చదివాడు.

"మీ అమ్మాయి పూజిత ఈ రోజు పాఠశాలకు హాజరు కాలేదు." ఎదురుగా నిలబడ్డ బిడ్డను చూశాడు. మళ్ళీ ఫోను చూశాడు. "ఇది నిజంగా పొద్దున్నే వచ్చుంటే, నేను చచ్చిపోయుంటాను సార్," అన్నాడు. మళ్ళీ తనే, "రాకుండా ఉంటే ఇంకా అన్యాయం," అన్నాడు.

"అమ్మకు తగ్గిందా నాయనా?" అంది పూజిత.

ధనుంజయ తల అడ్డంగా ఊపాడు. "ఇంకా రెండు దినాలు సూడల్లంటాడు డాక్టరు."

పూజిత ముఖంలో ఏదో ఆరిపోవడం సుబ్రమణ్యం చూశాడు. నూటెనిమిది చాలలేదని ఆ పిల్ల అనుకుంటోంది. లోపలికి రమ్మంటే కదలలేదు. ఆయనే చెయ్యి పట్టుకుని నడిపించాడు.

దోమతెర లోపల తల్లి కళ్ళు మూసుకుని ఉంది. పెదవులు ఎండిపోయాయి. చేతికి సెలైను ఎక్కుతోంది.

"అమ్మా," అంది పూజిత.

"ఊ," అంది తల్లి. కళ్ళు తెరవలేదు.

ఆ 'ఊ' వినగానే సుబ్రమణ్యానికి వెనక్కి తగ్గి బయటికి పోదామనిపించింది. పోలేదు. వంగి, పిల్ల చెవి దగ్గర, "ఇంకోసారి పిలువు," అన్నాడు. "చూసేదాకా పిలువు."

"అమ్మా."

కదలిక లేదు.

"అమ్మా, నేను. పూజితను."

తల్లి రెప్పలు బరువుగా లేచాయి. చూపు దోమతెర మీద ఆగి, తెరలోంచి మెల్లగా బిడ్డ దగ్గరికి వచ్చింది. బిడ్డ మోకాళ్ళ మీది బురద చూసింది, ఒంటి మీది తడిసిన బడి బట్టలు చూసింది.

"బడికి పోలేదా మే?"

పూజిత సార్ వంక తిరిగి చూడలేదు.

"పోలేదమ్మా," అంది.